పదిమంది చూసిన బొమ్మ
గండికోట ఫొటోలు, మూడు ఊళ్ళ మిత్రులు, కొంత చరిత్ర

 

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదక వర్గం మిత్రులు ఫోన్ చేసినప్పుడు నేను రచయితను కాదని తప్పించుకోబోయాను. ‘గండికోట ఫొటోలు ముప్పై ఏళ్ళుగా తీస్తున్నావు కదా, ఆ సంగతే రాయి’ అన్నారు. ఒప్పుకున్నాను గానీ, నేను తీసిన మంచి ఫొటోల గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. చెడ్డ ఫొటోల గురించి, వాటిని చెడ్డవని మొహం మీద చెప్పినవాళ్ళ గురించి మాత్రం చాలా ఉంది. ఆ చెప్పడం అనే పనికి కూడా ఒక చరిత్ర ఉంది. రెండూ కలిపి రాస్తున్నాను.

డ్రాయింగ్ సారు రెండు పోస్టుకార్డులు

1983లో నేను తొమ్మిదో తరగతి. ఆ ఏడు మన బడి నుంచి గండికోటకు విహారయాత్ర పోయాం. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, అక్కణ్ణుంచి పదిహేను కిలోమీటర్లు. మా మామ దగ్గర ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా ఉంటే బతిమాలి తెచ్చుకున్నాను. రోలుకు పన్నెండు బొమ్మలు. తిప్పడానికి, సరిచేయడానికి పెద్దగా ఏమీ లేని కెమెరా. గండి అంచున నిలబడి, కింద పెన్న, అటూ ఇటూ ఎర్రటి రాతి గోడలు చూసి, ఇంతకంటే గొప్ప బొమ్మ లోకంలో ఉండదనుకుని నొక్కాను.

స్టూడియోలో కడిగించి తెచ్చిన ఫొటోల్లో బాగా వచ్చిందనుకున్నదాన్ని డ్రాయింగ్ సారుకు చూపించాను. ఆయన చాలాసేపు చూశారు. మేజా సొరుగులోంచి రెండు పోస్టుకార్డులు తీసి ఫొటో మీద ఒకదాన్ని అడ్డంగా, ఒకదాన్ని నిలువుగా పెట్టి జరుపుతూ, ‘ఆ గండి ఎంత లోతుంటాది రా?’ అన్నారు.

‘మూడు నూర్ల అడుగులుంటాదంట సార్.’

‘బొమ్మలో ముప్పై అడుగుల వాగు మాదిరి ఉండాది. పక్కన మనిషి ల్యాకపోతే ఎత్తెట్ల తెలుస్తాది? ఒకణ్ణి ఆ రాయి మీద నిలబెట్టింటే సరిపోయేది గదా.’

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. మిగతా మాస్టర్లందరూ బాగుందన్నారు, ఈయన ఒక్కడే వంక పెట్టాడని రెండు రోజులు మొహం ముడుచుకున్నాను. ఆరేడేళ్ళ తర్వాత ఇంజనీరింగ్ చదువుతూ సర్వే క్యాంపులో లెవెలింగ్ స్టాఫ్ పట్టుకుని నిలబడినప్పుడు సారు చెప్పింది అర్థమైంది. కొలబద్ద లేని ఎత్తు ఎత్తు కాదు. అరవై మంది పిల్లలం ఉన్నాం ఆ రోజు గండి అంచున. నేను ఒక్కర్నీ బొమ్మలోకి రానివ్వలేదు.

మొదట మీర్ జుమ్లాకు చూపించాలి

గండికోటకు ఒక పాత ముచ్చట ఉంది. కోట పుట్టుక క్రీ.శ. 1123లో కాకరాజుతో మొదలైందని కైఫియత్తు చెబుతుంది. తర్వాత పెమ్మసాని నాయకులు విజయనగరానికి అండగా దీన్ని ఏలారు. పదిహేడో శతాబ్దం మధ్యలో గోల్కొండ సుల్తాను తరఫున మీర్ జుమ్లా పట్టుకున్నాడు. కోట ఆయన చేతికి వచ్చి ఎంతో కాలం కాకముందే, 1652లో తావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు ఇక్కడికి వచ్చాడు. ఎత్తయిన కొండ మీద కోట, పైకి పోవడానికి కష్టమైన దారి అని ఆయన తన యాత్రా గ్రంథంలో రాసుకున్నాడు. మన గండికి బయటివాళ్ళు గీసిన తొలి దృశ్యచిత్రాల్లో అదొకటి, మాటల్లో గీసినదే అయినా.

ఆయన ఇంత దూరం ఎందుకొచ్చాడో తెలిస్తే ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ మధ్య పెరిగిన మనకు వింతగా ఉండదు. గోల్కొండ సుల్తానుకు అమ్మాలని మంచి ముత్యాలు, రత్నాలు తెచ్చాడు. అయితే మీర్ జుమ్లా చూసి సరే అనకుండా సుల్తాను విలువైన వస్తువేదీ కొనడని తెలిసింది. మీర్ జుమ్లా గండికోటలో ఉన్నాడు. కాబట్టి రాజు దగ్గరికి పోకముందు కళ్ళున్నవాడి దగ్గరికి రావలసి వచ్చింది. మన అంగళ్ళలో గీటురాయి చేసే పని అదే. బంగారం తనంతట తాను ఎన్ని క్యారెట్లో చెప్పుకోలేదు. పక్కన రాయి ఉండాలి, రాయి మీద గీత చూసి చదవగలిగిన మనిషి ఉండాలి.

కెమెరాతో పాటే వచ్చిన సంఘాలు

ఫొటో తీసే పద్ధతిని పారిస్‌లో లోకానికి వెల్లడించింది 1839 ఆగస్టు 19న. అందుకే ఇప్పుడు ఆ రోజును ప్రపంచ ఫొటోగ్రఫీ దినంగా జరుపుతున్నాం. అది జరిగిన పదిహేనేళ్ళకే, 1854లో బొంబాయిలో ఫొటోగ్రాఫిక్ సొసైటీ పుట్టింది. 1856లో కలకత్తాలో, మద్రాసులో కూడా వచ్చాయి. అప్పటి మన కడప జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే కాబట్టి మద్రాసు సంఘం ఒకరకంగా మనది కూడా. దాని వెనక ముఖ్యంగా నిలిచినవాడు డాక్టర్ అలెగ్జాండర్ హంటర్. వృత్తికి సర్జను. 1850లో మద్రాసులో చిత్రకళా పాఠశాల పెట్టింది ఈయనే. నేటి చెన్నై లలితకళల కళాశాలకు అదే మొదలు.

ఈ సంఘాలు చేసిన పని చాలా మామూలుది. సభ్యులు తాము తీసిన ఫొటోలు తెచ్చేవారు. మిగతావాళ్ళు చూసేవారు. ఏ మందు ఎంత కలిపావు, ఎండలో ఎంతసేపు ఉంచావు, ఇక్కడెందుకు మసకబారింది అని అడిగేవారు. లండన్‌లో అదే కాలంలో కొందరు ఒక మార్పిడి క్లబ్బు పెట్టుకుని, తమ ఫొటోలను, తీసిన పద్ధతి వివరాలతో సహా, ఒకరికొకరు పంచుకున్నారు. అప్పట్లో అందరూ ఒక రకంగా అమెచ్యూర్లే. ఒకరి తప్పు నుంచి ఇంకొకరు నేర్చుకోవడం తప్ప వేరే బడి లేదు.

లినయస్ ట్రైప్ సంగతి చూడండి. మద్రాసు సైన్యంలో కెప్టెన్. సెలవుల్లో సొంత ఆసక్తితో హళేబీడు, బేలూరు గుళ్ళను ఫొటో తీశాడు. 1855లో మద్రాసులో జరిగిన పెద్ద ప్రదర్శనలో వాటిని పెట్టాడు. న్యాయనిర్ణేతలు మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఊరికే పోలేదు. అదే సంవత్సరం బర్మా రాయబార బృందంతో ఫొటోలు తీయడానికి ఆయన్ను పంపారు. 1856లో మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫరుగా నియమించారు. శ్రీరంగం, మధుర, తంజావూరు బొమ్మలు అలా వచ్చినవే. ఖర్చు ఎక్కువని కొన్నేళ్ళకే ప్రభుత్వం ఆ పని ఆపించింది గానీ, ఆ బొమ్మలు నిలిచాయి.

ట్రైప్ ఫొటోల్లో నాకు బాగా నచ్చే విషయం ఆకాశం. ఆ రోజుల్లో మందుపూసిన కాగితానికి నీలం రంగు మీద మహా తొందర. నేల సరిగ్గా పడేలోపు ఆకాశం పూర్తిగా కాలిపోయి, అచ్చులో తెల్లటి గోడలా వచ్చేది. ఆయన కొన్ని నెగటివ్‌ల మీద రంగు పూసి మబ్బుల్ని చేత్తో దిద్దాడు. అంటే బోసి ఆకాశం బాగుండదన్న సంగతి నూట డెబ్బై ఏళ్ళ కిందటే అందరికీ తెలుసు. నాకు తెలియడానికి మాత్రం ప్రొద్దుటూరు స్టూడియో అన్న కావలసి వచ్చాడు.

ఒక ఇంజనీరు ఫొటోగ్రాఫరైన కథ

ఆ అన్న దగ్గరికి పోయేముందు హైదరాబాదు మీదుగా ఒక్కసారి పోదాం. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్ దయాళ్ పేరు మీరు వినే ఉంటారు. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టాడు. ఆయన చదివింది రూర్కీ సివిల్ ఇంజనీరింగ్ కాలేజీలో. ఇందూరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఎస్టిమేట్లు వేస్తూ, డ్రాయింగులు గీస్తూ ఉద్యోగం చేశాడు. కెమెరా పట్టింది 1874లో, ముప్పై ఏళ్ళ వయసులో. మన శాఖ మనిషే అని నాలాంటి వాళ్ళం గర్వపడవచ్చు.

ఆయన మొదటి బొమ్మల్ని చూసి ముందుకు తోసినవాళ్ళు ఇద్దరు ఆంగ్ల అధికారులు, హెన్రీ డేలీ, లెపెల్ గ్రిఫిన్. గ్రిఫిన్ 1882లో ఆయన్ను వెంటబెట్టుకుని బుందేల్‌ఖండ్ అంతా తిప్పి కోటలు, గుళ్ళు తీయించాడు. ఆ తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆదరించి, 1894లో రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అని బిరుదిచ్చాడు. ఆయన ప్రతిభ ఆయనదే. అయినా ఇందూరు ఆఫీసు గదిలో ఆ బొమ్మల్ని ఎవరూ పట్టించుకోకపోయి ఉంటే, మంచి డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరయ్యేవాడేమో.

‘ఆకాశం బోడిగుండు మాదిరి ఉండాది’

నేను ఉద్యోగంలో చేరాక 1990ల మొదట్లో పాత జెనిత్ కెమెరా ఒకటి కొన్నాను. కాలువల సర్వే పని. రోజంతా ఎండలో తిరుగుడు. కెమెరా సంచిలోనే ఉండేది. నలుపు తెలుపు రోళ్ళు ప్రొద్దుటూరులో తెలిసిన స్టూడియోకిచ్చేవాణ్ణి. ఒకరోజు డార్క్‌రూమ్ లోంచి తడి చేతులతోనే బయటికొచ్చి ఆ అన్న అన్నాడు: ‘నువ్వు ఏమనుకోవద్దు సార్. నీ ఫొటోల్లో ఆకాశం బోడిగుండు మాదిరి ఉండాది. ఒక పచ్చ అద్దం కొనుక్కో. మధ్యాహ్నం పూట పోవద్దు.’

పచ్చ అద్దం అంటే ఆయన చెప్పింది పసుపుపచ్చ ఫిల్టరు. నీలం కాంతిని అది కొంత ఆపుతుంది. అందువల్ల ఆకాశం కాస్త ముదిరి మబ్బులు విడిగా నిలబడతాయి. వెలుతురు తగ్గుతుంది కాబట్టి ఎక్స్‌పోజర్ సుమారు రెట్టింపు ఇవ్వాలి. తెచ్చి వాడాను. ఆకాశం వచ్చింది. పసుపుకే ఇంత బాగుంటే ఎరుపుకు ఇంకెంత బాగుంటుందోనని ఎర్ర ఫిల్టరు కొన్నాను. గండికోట గోడలు ఎర్రరాయి. ఎర్ర అద్దం ఎర్రటిదాన్ని తెల్లగా చేస్తుందన్న ఇంగితం లేకపోయింది. ఆకాశం నల్లగా, కోట పాలిపోయి వచ్చింది. ఆ బొమ్మ చూసి పులివెందుల మిత్రుడు అడిగిన ప్రశ్న ఇప్పటికీ మా మధ్య సామెతలా నడుస్తోంది: ‘కోటకు సున్నం ఎప్పుడు కొట్టినారు?’

మూడు ఊళ్ళు, ఒక కవరు

ఈ మిత్రుల సంగతి చెప్పాలి. ఇద్దరూ మన బడిలో నాతో చదివినవాళ్ళే. ఒకరు జమ్మలమడుగులో తెలుగు పండితుడయ్యారు. ఇంకొకరికి పులివెందులలో ఎరువుల అంగడి. ముగ్గురికీ ఫొటోల పిచ్చి. నెలకొకసారి ఒక్కొక్కరం ఆరేసి ఫొటోలు కవరులో పెట్టి, బస్సులో తెలిసినవాళ్ళు పోతుంటే వాళ్ళ చేతికిచ్చి పంపేవాళ్ళం. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, అక్కణ్ణుంచి పులివెందుల, మళ్ళీ ప్రొద్దుటూరు. చూసినవాడు ఫొటో వెనకాల పెన్సిల్‌తో రాయాలి. మేం పెట్టుకున్న నియమాలు మూడే. ‘బాగుంది’ అని మాత్రం రాయకూడదు. మొదట చూపు ఎక్కడ పడిందో రాయాలి. తర్వాత ఏది అడ్డమనిపించిందో, ఏది తక్కువైందో రాయాలి. తీసినవాడు సమాధానం చెప్పుకోకూడదు, మరుసటి నెల కొత్త బొమ్మతోనే చెప్పాలి.

మూడో నియమమే కష్టం. మొదటి ఏడాది నేను దాన్ని చాలాసార్లు తప్పాను. ‘ఆ రోజు గాలి ఎక్కువ’, ‘నిలబడటానికి చోటు లేదు’ అని ఉత్తరాలు రాసేవాణ్ణి. పండితుడు ఒకసారి తిప్పి రాశాడు: ‘ఫొటో చూసేవాడికి నీ ఉత్తరం కూడా పంపుతావా?’ ఆ తర్వాత మానేశాను.

పండితుడి చూపు వ్యాకరణం చూపు. ‘ఈ వాక్యంలో కర్త లేదు’ అని రాసేవాడు. గండి ఉంది, కోట ఉంది, చెట్టు ఉంది, మబ్బు ఉంది, ఇందులో ఎవరి గురించి చెప్తున్నావు అని. అంగడాయన చూపు రైతు చూపు. పులివెందుల పక్క చీనీ తోటను నేను నడి మధ్యాహ్నం తీస్తే, ‘ఈ పొద్దులో తోటలోకి తోటగలాయన కూడా పోడు. పాదులకు నీళ్ళు కట్టేటప్పుడు పో, తడిమన్ను మీద వెలుగు చూడు’ అని రాశాడు. పోయి చూశాను. పొద్దు వాలుతుండగా తడిసిన పాదులు వరుసగా మెరుస్తుంటే, అంతవరకు నేను తోట అనుకున్నది వట్టి ఆకుల గుంపని తెలిసింది.

మైలవరం జలాశయం ఫొటో వెనకాల ఇద్దరూ ఒకే మాట రాశారు, ఒకరు రాసింది ఒకరు చూడకుండా. నీళ్ళ గీత ఒక పక్కకు వాలి ఉంది. ‘లెవెల్ పట్టే ఇంజనీరువి. డ్యాములో నీళ్ళన్నీ ఎడమపక్కకు కారిపోతున్నాయి చూసుకో.’ సిగ్గేసింది. మా వృత్తిలో లెవెల్ తీసుకుంటూ పోయాక, చివరికి మొదటి బెంచ్‌మార్కు దగ్గరికే తిరిగొచ్చి మూసుకుంటాం. ఎంత తేడా వచ్చిందో అప్పుడే తెలుస్తుంది. ఎం బుక్కులో నేను రాసిన కొలతను నా పై అధికారి వచ్చి మళ్ళీ కొలిచి సంతకం పెడతాడు. చెక్ మెజర్‌మెంట్ అంటాం. అందులో అవమానం ఎవరూ చూడరు. ఆఫీసులో ఇంత సహజంగా ఒప్పుకున్నదాన్ని కెమెరా విషయంలో ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఈ పని చేసినవాళ్ళు చదువుకున్నవాళ్ళే కానక్కరలేదు. గండి అంచున గొర్రెలు మేపుకునే ఒకాయన ఫొటోలో పడితే, ప్రింటు తీసుకెళ్ళి ఇచ్చాను. తన మొహం చూసుకుని నవ్వి, వెనక ఉన్న గండిని చూసి, ‘ఇక్కడి నుంచి తీస్తే ఏరు కనపడదు సార్. ఇంకా అంత దూరం పోతే ఏరు మలుక్కునేది కనపడతాది’ అన్నాడు. ఆయన చూపిన చోటికి పోతే పెన్న వంపు మొత్తం కాళ్ళ కింద ఉంది. అప్పటికి ఏడెనిమిది సార్లు వచ్చి ఉంటాను. ప్రతిసారీ మొదటిరోజు నిలబడిన రాయి మీదే నిలబడ్డాను.

నిషిద్ధాక్షరి మన ఊరి విద్యే

విమర్శ అంటే తిట్టు అనుకోవడం మన ప్రాంతపు సంప్రదాయం కాదు. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకట శేషశాస్త్రి ఇద్దరూ ప్రొద్దుటూరులో ఉంటూ జంటగా అవధానాలు చేసినవాళ్ళు. రాణాప్రతాపసింహ చరిత్ర ఒకరిది, శివభారతం ఇంకొకరిది. పుట్టపర్తి నారాయణాచార్యులు శివతాండవం రాసింది కూడా ప్రొద్దుటూరులోనే. అవధానంలో నిషిద్ధాక్షరి అని ఒక అంశం ఉంటుంది. అవధాని ఒక అక్షరం చెప్పగానే, తర్వాత రాబోయే అక్షరాన్ని పృచ్ఛకుడు ఊహించి అది వాడరాదంటాడు. పైకి చూస్తే పద్యానికి అడ్డం పడటం. కానీ అడ్డం పడేవాడు గట్టివాడైతేనే పద్యం గట్టిగా వస్తుందని సభలో అందరికీ తెలుసు. మెత్తని పృచ్ఛకుణ్ణి కూర్చోబెడితే అవధానికే చిన్నతనం.

మా కవరుకు కూడా అదే న్యాయం. ఒక మాట చెప్పాలి, అన్ని సలహాలూ పాటించాల్సినవి కావు. గండికోట ధాన్యాగారం పక్క నుంచి తీసిన ఒక బొమ్మ మీద పండితుడు ‘ముందున్న మొండిగోడ తీసెయ్’ అని రాశాడు. అంగడాయన ‘గోడ ఇంకా ఎక్కువ చూపించు’ అని రాశాడు. ఎవరి మాట వినాలో తెలియక, సెలవుల్లో డ్రాయింగ్ సారు ఇంటికి తీసుకెళ్ళాను. అప్పటికి ఆయన రిటైరై ఉన్నారు. రెండు రాతలూ చదివి, ‘ఇద్దరి వేలూ గోడ మీదే పడింది గదా. మందు వేరే చెప్పినా నొప్పి ఒకచోటే ఉండాది’ అన్నారు. పోస్టుకార్డు అడ్డం పెట్టి చూపించారు. గోడ పైఅంచు సరిగ్గా దూరపు కొండ గీతను తాకుతోంది. రెండూ అతుక్కుపోయి ఏది దగ్గరో ఏది దూరమో తెలియకుండా పోయింది. మరుసటిసారి రెండడుగులు ఎడమకు జరిగి, కాస్త ఎత్తు మీద నిలబడి తీశాను. గోడ ఉన్నంతే ఉంది, బొమ్మ విడిపోయి ఊపిరి పీల్చుకుంది. అప్పటి నుంచి నేను పాటించే సూత్రం ఇదే. నలుగురు చెప్పే పరిష్కారాలు నలుగు రకాలుగా ఉండవచ్చు, వాళ్ళ వేళ్ళు ఒకేచోట పడితే ఆ చోట తప్పు ఉన్నట్టే.

పోటీల గురించి కూడా రెండు మాటలు. ఫొటోగ్రఫీకి అంతర్జాతీయ సమాఖ్య 1950లో, మన దేశపు సమాఖ్య 1953లో ఏర్పడ్డాయి. వాటి ఆమోదంతో జరిగే సెలూన్లకు మేం కూడా ప్రింట్లు పంపాం. హైదరాబాదులో బండి రాజన్‌బాబు వంటి పెద్దల పేర్లు అప్పుడే విన్నాం. సెలూన్‌లో న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తారు. తీసుకున్నారో, తిప్పి పంపారో చీటీ వస్తుంది. ఎందుకో రాదు. మా ముగ్గురివీ చాలాసార్లు తిరిగొచ్చాయి. కారణం తెలుసుకోవడానికి మళ్ళీ మా కవరే దిక్కయింది. ఈ రోజుల్లో ఫోన్లో ఒక్క ఫొటో పెడితే గంటలో నూరు బొటనవేళ్ళు పైకి లేస్తాయి. అదీ సెలూన్ చీటీ లాంటిదే. సంతోషమేగానీ, మరుసటి బొమ్మకు పనికొచ్చేది అందులో ఉండదు.

నేను వినని మాట

ఇంతవరకు చెప్పినవన్నీ నేను చివరికైనా విన్న మాటలు. వినని మాట ఒకటుంది. దాన్ని రాయకుండా ఈ వ్యాసం ముగించడం న్యాయం కాదు.

కొండాపురం మండలంలో మా పెద్దమ్మ ఊరు. సెలవులకు ఎప్పుడు పోయినా పొద్దున్నే మిద్దె ఎక్కి చుట్టూ కొండలు తీసేవాణ్ణి. ముందున్న మిద్దెలు, కరెంటు తీగలు, గడ్డివాములు అడ్డమని కెమెరా పైకెత్తి వాటిని కోసేసేవాణ్ణి. ఒకరోజు పెద్దమ్మ కాఫీ తెచ్చి, ‘కొండలు యాడికీ పోవు నాయనా. మా వీధిని ఒకటి తియ్యి’ అంది. సరే పెద్దమ్మా అన్నాను. తియ్యలేదు. ఆ కొండల ఫొటో ఒకటి కవరులో తిరిగొచ్చినప్పుడు వెనకాల పండితుడు రాశాడు: ‘ముందు ఊరుంది కదా, ఎందుకు కోశావు? ఎవరి మిద్దె మీద నిలబడ్డావో తెలియడం లేదు.’ అది కూడా పక్కన పెట్టాను. ల్యాండ్‌స్కేప్ అంటే ఊళ్ళు ఉండకూడదని నాకు నేనే ఒక శాస్త్రం రాసుకున్నాను.

గాలేరు–నగరి పథకంలో గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్ళు ఈ కరువు నేలకు రావాలని మన తాతల కాలం నుంచి అడుగుతున్నాం. వచ్చినందుకు ఇంజనీరుగా నాకు సంతోషమే. ముంపు గీత మ్యాపు మీద ఎక్కడ పోతుందో కూడా నాకు తెలుసు. ఆ గీత లోపల పెద్దమ్మ ఊరుందనీ తెలుసు. తెలిసి కూడా కొండలే తీశాను. నీళ్ళు నిండాయి, ఊరు పోయింది. పెద్దమ్మ చెప్పినట్టు కొండలు మాత్రం యాడికీ పోలేదు.

పునరావాస కాలనీలో కొత్త ఇంట్లో చేరాక పెద్దమ్మ అడిగింది: ‘మన వీధి ఫొటో ఒకటి గోడకు పెట్టుకుంటా నాయనా, తీసుకురా.’ పాత నెగటివ్‌లన్నీ వెతికాను. నలభైకి పైగా కొండలు. ఒకే ఒక్కదానిలో, చెయ్యి జారి ఒరిగిపోయి, పనికిరాదని ప్రింటు కూడా వేయించనిదానిలో, కింద మూల ఆ వీధి ఉంది. ఒక వేపచెట్టు, మూడు అరుగులు, నీళ్ళ బిందె చంకన పెట్టుకుని అటు తిరిగి పోతున్న ఒకామె. ఆమె పెద్దమ్మ కావచ్చు. ఆ మూలను మాత్రం పెద్దది చేయించి పట్టుకెళ్ళాను. గింజలు తేలి మసకగా ఉంది.

సాయంత్రానికి కాలనీలో ఆ వీధివాళ్ళంతా వచ్చి చుట్టూ చేరారు. ‘ఈ అరుగు మాది’, ‘ఆ గోడవతల పశువుల కొట్టం’, ‘ఈ చెట్టు కిందనే పెండ్లిండ్లకు వంటలు’ అని ఒక్కొక్కరు వేలు పెట్టి చూపించారు. పెద్దమ్మ మాత్రం ఆ బిందె మోసే ఆమెను చూసి, ‘నేను గాదు, నా బిందె గాదు’ అని, ఎవరో చెప్పింది. నేను జేబులోంచి పెన్సిల్ తీసి, ఫొటో వెనకాల ఆ పేర్లన్నీ రాసుకున్నాను. ముప్పై ఏళ్ళలో నేను తీసినవాటిలో లెవెల్ లేనిది, కర్త మూలకు పోయినది, ఆకాశం బోడిగా ఉన్నది అదే. ఎక్కువమంది ఎక్కువసేపు చూసిందీ అదే.

ఒక విన్నపం

స్వర్ణోత్సవం రోజున మన బడిలో ఒక గది ఇస్తామని పెద్దలు మాటిచ్చారు. మీ ఇళ్ళల్లో అటకల మీద, ఇనప్పెట్టెల్లో ఉన్న పాత ఫొటోలు, నెగటివ్‌లు తీసుకురండి. బడి కట్టడం, పెన్న ఇసుక, మైలవరం కట్ట, పులివెందుల తోటలు, మునిగిన ఊళ్ళు, ఏవైనా సరే. బాగా వచ్చినవే తేవాలని లేదు. ప్రతి ఫొటో కింద ఒక తెల్ల కాగితం, దారానికి కట్టిన పెన్సిల్ ఉంటాయి. చూసినవాళ్ళు అందులో రాయాలి. ‘బాగుంది’ అని మాత్రం రాయకండి. ఎక్కడ చూపు నిలిచిందో రాయండి. ఏది కనపడలేదో రాయండి. అందులో ఉన్న మనిషి ఎవరో, ఆ చెట్టు ఎక్కడుండేదో తెలిస్తే తప్పకుండా రాయండి.

డ్రాయింగ్ సారు ఇప్పుడు లేరు. ఆయన నా ఫొటో మీద జరిపిన రెండు పోస్టుకార్డుల్లో ఒకటి అడిగి తెచ్చుకున్నాను, నా దగ్గరే ఉంది. ఆ గదిలో మేజా మీద పెడతాను. 1983 నాటి గండి ఫొటో కూడా పక్కనే ఉంటుంది. దాని కింద మొదటి పంక్తి నేనే రాస్తాను: ఇందులో ఒక్క మనిషి కూడా లేడు.